ఇంటి రూటర్‌గా చిన్న పీసీ: కొనేముందు ఏం చూడాలి

రూటర్ కోసం చిన్న పీసీ వెతకడం మొదలుపెట్టగానే ఎవరైనా ముందు చూసేది ప్రాసెసర్ పేరు, ఆ తర్వాత ర్యామ్. ఈ పనికి మాత్రం ఆ రెండూ తీరిగ్గా చివర్లో చూసుకోవచ్చు. పోర్టుల వెనక ఏ నెట్‌వర్క్ చిప్ ఉంది, పెట్టెలో పుట్టే వేడి ఎటు పోతుంది, పనేమీ లేనప్పుడు ప్లగ్ దగ్గర ఎన్ని వాట్లు లాగుతుంది, కరెంటు పోయి వస్తే ఎవరూ ముట్టుకోకుండా దానంతటది ఆన్ అవుతుందా? ఏడాది పొడవునా ఆపకుండా నడిచే యంత్రం విషయంలో మంచిచెడ్డలు తేల్చేవి ఇవే.

ముందు మీ లైన్ సంగతి తేల్చుకోండి

మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. నెట్ స్పీడ్ ఎంత? కనెక్షన్ పీపీపీఓఈ మీద వస్తుందా (అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుందా), లేక కేబుల్ పెట్టగానే డీహెచ్‌సీపీతో ఐపీ వచ్చేస్తుందా? మామూలు రూటింగ్ కాక ఇంకేం పనులు పెట్టబోతున్నారు?

500 ఎంబీపీఎస్ లోపు లైన్, మామూలు ఫైర్‌వాల్, నాట్ (ఇంట్లోని పరికరాలన్నీ ఒకే బయటి ఐపీని పంచుకునే ఏర్పాటు) మాత్రమే అయితే గత పదేళ్లలో వచ్చిన 64 బిట్ పీసీ దాదాపు ఏదైనా సరిపోతుంది. అప్పుడు స్పీడ్ గురించి బెంగ వదిలేసి తక్కువ కరెంటు తినేదాన్ని తీసుకోండి.

గిగాబిట్ లైన్, అందులోనూ పీపీపీఓఈ అయితే లెక్క మారుతుంది. మామూలుగా నెట్‌వర్క్ కార్డు వచ్చిన ప్యాకెట్లలోని ఐపీ అడ్రస్‌లు, పోర్టు నంబర్లు చూసి వాటిని వేర్వేరు క్యూలలోకి పంపుతుంది, ఒక్కో క్యూని ఒక్కో కోర్ చూసుకుంటుంది. పీపీపీఓఈలో ఐపీ ప్యాకెట్ ఇంకో పొర లోపల ఉంటుంది కాబట్టి చాలా కార్డులకు ఆ అడ్రస్‌లు కనిపించవు. దాంతో వచ్చే ట్రాఫిక్ మొత్తం ఒకే క్యూలో, ఒకే కోర్ నెత్తిన పడుతుంది. పీసీని రూటర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లలో, ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్‌లలో ఈ ఇబ్బంది బాగా కనిపిస్తుంది. నాలుగు కోర్లలో మూడు ఖాళీగా ఉంటాయి, ఒకటి నూటికి నూరు శాతం మీద ఉంటుంది, స్పీడ్ 600 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. అందుకే పీపీపీఓఈ ఉన్నవాళ్లు కోర్ల సంఖ్య కాకుండా ఒక్క కోర్ ఎంత వేగంగా పనిచేస్తుందో చూడాలి. ఎనిమిది నెమ్మది కోర్ల కన్నా నాలుగు చురుకైన కోర్లు నయం.

ఎవరో పెద్ద ఫైల్ దింపుతుంటే మీ వీడియో కాల్ తడబడకూడదంటే క్యూ మేనేజ్‌మెంట్, అంటే ప్యాకెట్ల వరసను అదుపులో ఉంచే ఏర్పాటు, కావాలి. దానికి లైనక్స్‌లో కేక్, ఫ్రీబీఎస్‌డీలో ఎఫ్‌క్యూ-కోడెల్. ఇదీ ప్రాసెసర్ మీద గట్టి భారమే, సాధారణంగా ఒక కోర్ మీదే పడుతుంది. వీపీఎన్ విషయంలో చిన్న తిరకాసు ఉంది. ప్రాసెసర్‌లో ఏఈఎస్-ఎన్ఐ (ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌ని వేగంగా చేసే సదుపాయం) ఉండి తీరాలని అందరూ చెబుతారు. ఓపెన్‌వీపీఎన్, ఐపీసెక్ వాడేవాళ్లకు అది నిజం. వైర్‌గార్డ్ మాత్రం చాచా20 అనే వేరే పద్ధతి వాడుతుంది, దానికి ఏఈఎస్-ఎన్ఐతో పనిలేదు. సురికాటా లాంటి చొరబాటు పసిగట్టే సాఫ్ట్‌వేర్ పెట్టాలనుకుంటే ర్యామ్, కోర్లు రెండూ పెంచుకోక తప్పదు. పెట్టకపోయినా ఇంటికి వచ్చే నష్టం తక్కువ. ఈ రోజుల్లో ట్రాఫిక్ దాదాపు అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తోంది, లోపల ఏముందో దానికి కనిపించదు.

నెట్‌వర్క్ చిప్: అసలు కథ ఇక్కడే

అమ్మేవాళ్లు "4 పోర్టులు, 2.5 జీ" అని రాసి ఊరుకుంటారు. చిప్ పేరు రాయలేదంటే అడగండి. చెప్పకపోతే ఆ పెట్టె వద్దు.

గిగాబిట్ సరిపోయేవాళ్లకు ఇంటెల్ ఐ210, ఐ211, ఐ350 చిప్‌లు పాతవే అయినా నిక్కచ్చిగా పనిచేస్తాయి. ఏ సిస్టమ్ ఎక్కించినా డ్రైవర్ సిద్ధంగా ఉంటుంది. 2.5 గిగాబిట్‌కి వస్తే ఐ225-వీ, ఐ226-వీ ఎక్కువగా కనిపిస్తాయి. ఐ225 మొదటి రివిజన్లలో హార్డ్‌వేర్ లోపం ఉంది. ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ మధ్య ఉండాల్సిన విరామాన్ని అది సరిగా పాటించదు. కొన్ని స్విచ్‌లతో కలిస్తే 2.5 గిగాబిట్ వేగం దగ్గర ప్యాకెట్లు పోతాయి, స్పీడ్ ఘోరంగా పడిపోతుంది. గిగాబిట్‌కి దించితే మామూలుగా నడుస్తుంది కాబట్టి చాలామంది తప్పు కేబుల్ మీదకు నెట్టేస్తారు. బీ3 రివిజన్‌లో ఆ లోపం సరిచేశారు. పాత పెట్టె కొంటుంటే లైనక్స్ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి ఎల్ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ కొట్టండి. ఐ225 లైన్ చివర రివిజన్ 03 అని ఉంటే బీ3. 01, 02 కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి.

ఐ226లో ఆ గొడవ లేదు కానీ కొన్ని బోర్డుల మీద ఇంకోటి ఉంది. గంటల తరబడి బాగానే నడిచి, ఉన్నట్టుండి లింక్ పడిపోయి మళ్లీ వస్తుంది. చాలాసార్లు దీనికి కారణం పీసీఐ లింక్‌ని నిద్రపుచ్చే ఏఎస్‌పీఎం. బయోస్‌లో (పీసీ బూట్ అయ్యేముందు తెరిచే సెట్టింగ్స్‌లో) ఆ పోర్టులకు ఏఎస్‌పీఎం ఆపేస్తే కుదుటపడుతుంది. దానివల్ల ఖాళీగా ఉన్నప్పటి కరెంటు వాడకం ఒకటి రెండు వాట్లు పెరగొచ్చు. లింక్ పడిపోవడం కన్నా అదే మేలు. ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ అనే ఆప్షన్‌ని కూడా ఆపి చూడండి.

రియల్‌టెక్ చిప్ ఉంటే ఏ సిస్టమ్ వాడతారన్నదాన్ని బట్టి నిర్ణయం. లైనక్స్ మీద నడిచే రూటర్ సాఫ్ట్‌వేర్లు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, ఐపీఫైర్‌లతో ఆర్‌టీఎల్8125 ఫర్వాలేదు. ఫ్రీబీఎస్‌డీలో దాని డ్రైవర్‌కి అంత మంచి పేరు లేదు, భారం పెరిగితే పోర్టు మొరాయిస్తుంది. రియల్‌టెక్ సొంత డ్రైవర్‌ని ఓపీఎన్‌సెన్స్‌లో ప్లగిన్‌గా వేసుకోవచ్చు. ఇంట్లో ఉన్న పెట్టెతో నెట్టుకొచ్చేటప్పుడు అది సరే. కొత్తగా డబ్బు పెట్టి కొనేటప్పుడు ఆ తలనొప్పి ఎందుకు?

యూఎస్‌బీ నెట్‌వర్క్ అడాప్టర్‌ని రెండో పోర్టుగా వాడొచ్చా అంటే, అత్యవసరానికి వాడొచ్చు, శాశ్వతంగా వద్దు. అడాప్టర్ వేడెక్కో, యూఎస్‌బీ బస్ రీసెట్ అయ్యో ఇంటర్‌ఫేస్ మాయమవుతుంది. మళ్లీ వచ్చినప్పుడు దాని పేరు మారితే ఫైర్‌వాల్ దాన్ని గుర్తుపట్టదు.

పోర్టులు ఎన్ని కావాలి

రెండు. ఒకటి బయటి లైన్‌కి, ఒకటి ఇంటి స్విచ్‌కి. నాలుగు, ఆరు పోర్టుల పెట్టెలు చూసి వాటినే స్విచ్‌గా వాడేయొచ్చని అనుకోకండి. పీసీలో పోర్టులను బ్రిడ్జ్ చేస్తే (ఒకే నెట్‌వర్క్‌గా కలిపితే) ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి వెళ్లే ప్రతి ప్యాకెట్‌నీ ప్రాసెసరే మోయాలి. చిన్న స్విచ్ ఆ పనిని హార్డ్‌వేర్‌లో తేలిగ్గా చేస్తుంది. అదనపు పోర్టులు ఉపయోగపడేది రెండో నెట్ లైన్‌కి, లేదా కెమెరాల లాంటివాటికి విడి నెట్‌వర్క్ పెట్టుకోవడానికి.

ఒకే పోర్టు ఉన్న పీసీతోనూ పని నడుస్తుంది. వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు) తెలిసిన మేనేజ్డ్ స్విచ్ కావాలి. బయటి లైన్‌ని స్విచ్‌లో ఒక వీలాన్‌లో, ఇంటిని ఇంకో వీలాన్‌లో పెట్టి, రెండింటినీ ట్యాగ్ చేసి ఒకే కేబుల్ మీద పీసీకి పంపుతారు. గిగాబిట్ కేబుల్ రెండు దిశల్లోనూ విడివిడిగా గిగాబిట్ మోస్తుంది కాబట్టి ఉత్త డౌన్‌లోడ్‌లో పెద్ద తేడా తెలియదు. అప్‌లోడ్, డౌన్‌లోడ్ ఒకేసారి గట్టిగా నడిస్తే రెండూ అదే గిగాబిట్‌ని పంచుకుంటాయి. 300, 400 ఎంబీపీఎస్ లైన్లకు ఇది చక్కటి ఏర్పాటు. స్విచ్‌లో ఒక్క వీలాన్ సెట్టింగ్ తప్పితే మాత్రం ఇంటి నెట్‌వర్క్ నేరుగా బయటికి తెరుచుకుంటుంది. వీలాన్‌లు ఇదే మొదటిసారి అయితే రెండు పోర్టుల పెట్టె తీసుకోండి.

ప్రాసెసర్లు, పెట్టెలు

కొత్తది కొనేవాళ్లకు ఇంటెల్ ఎన్100 దగ్గర వెతుకులాట ఆపేయవచ్చు. 2023లో వచ్చింది. నాలుగు కోర్లు, 3.4 గిగాహెర్ట్జ్ వరకు వేగం, 6 వాట్ల రేటింగ్. గిగాబిట్ పీపీపీఓఈ, క్యూ మేనేజ్‌మెంట్, వైర్‌గార్డ్ ఇవన్నీ ఇంటి అవసరానికి లాగేస్తుంది. ఎన్150 దాని తమ్ముడే, కొద్దిగా వేగం ఎక్కువ, అంతే. ఎనిమిది కోర్ల ఎన్305 రూటర్‌కి అనవసరం. అదే పెట్టెలో ప్రాక్స్‌మాక్స్ వేసి ఇంకో నాలుగు వర్చువల్ మెషీన్లు నడపాలనుకుంటే ఆలోచించండి. అయితే సర్వర్ ప్రయోగాలు చేసిన ప్రతిసారీ ఇంట్లో నెట్ పోతుందని గుర్తుంచుకోండి.

ఇంటెల్ జే4125 పెట్టెలు గిగాబిట్ డీహెచ్‌సీపీ లైన్‌కి ఇప్పటికీ పనికొస్తాయి. 2013 నాటి జే1900 మాత్రం ఎంత చవగ్గా దొరికినా వదిలేయండి. ఏఈఎస్-ఎన్ఐ లేదు, కోర్లు నెమ్మది. ఒకప్పుడు అందరూ మెచ్చిన ఏపీయూ2 అనే చిన్న రూటర్ బోర్డులది ఇంకో కథ. గట్టివే, కానీ వాటి 1 గిగాహెర్ట్జ్ కోర్లు ఒకే కనెక్షన్ మీద నిండు గిగాబిట్ ఇవ్వలేక ఆపసోపాలు పడతాయి.

ఆఫీసులు తీసేసిన పాత చిన్న పీసీలు మంచి బేరం. లెనోవో ఎం720క్యూ, ఎం920క్యూలలో పీసీఐ స్లాట్‌కి వీలుంది. దానికి రైజర్ కార్డు (స్లాట్‌ని బోర్డుకి కలిపే ముక్క) విడిగా కొనాలి. అది పెడితే 2.5 అంగుళాల డిస్క్ చోటు పోతుంది కాబట్టి బోర్డు మీదే గుచ్చే ఎన్‌వీఎంఈ డిస్క్ వాడాలి. డెల్ వైస్ 5070 తీసుకుంటే ఎక్స్‌టెండెడ్ మోడల్ అని నిర్ధారించుకోండి, సన్నగా ఉండే మామూలు మోడల్‌లో కార్డు స్లాట్ ఉండదు. ఈ స్లాట్లలోకి లో ప్రొఫైల్ (పొట్టి) కార్డులే పడతాయి. ఐ350 నాలుగు పోర్టుల కార్డుల్లో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. కొత్తదని చెబుతూ అనుమానం వచ్చేంత తక్కువ ధరకు ఇస్తుంటే, దానికన్నా సర్వర్‌లోంచి తీసిన పాత కార్డే నమ్మకం.

వాట్ల లెక్క

ప్రాసెసర్ రేటింగ్ 6 వాట్లంటే పెట్టె 6 వాట్లు తింటుందని కాదు. నెట్‌వర్క్ చిప్‌లు, ర్యామ్, డిస్క్, అడాప్టర్ వృథా చేసేది, అన్నీ కలుస్తాయి. నాలుగు పోర్టుల ఎన్100 పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు ప్లగ్ దగ్గర సుమారు 8 నుంచి 12 వాట్లు చూపిస్తుంది. పాత చిన్న పీసీలో నాలుగు పోర్టుల కార్డు పెడితే 15 నుంచి 25. మూల పడేసిన పాత డెస్క్‌టాప్ అయితే 40 పైమాటే.

గుర్తు పెట్టుకోవాల్సిన అంకె ఒకటే: ఏడాదంతా నడిస్తే ఒక్క వాట్‌కి 8.76 యూనిట్లు. 10 వాట్ల పెట్టె ఏడాదికి దాదాపు 88 యూనిట్లు తింటే, 50 వాట్ల డెస్క్‌టాప్ 438 తింటుంది. మీ యూనిట్ ధరతో గుణిస్తే, ఉచితంగా వచ్చిన డెస్క్‌టాప్ ఎంత ఖరీదో తెలుస్తుంది. ప్లగ్‌లో పెట్టే వాట్ మీటర్ ఒకటి దగ్గరుంచుకోండి. అమ్మేవాళ్ల అంకెలు నమ్మక్కర్లేదు.

వేడి

ఫ్యాన్ లేని పెట్టెల్లో మూతే హీట్‌సింక్. ప్రాసెసర్ మీద రాగి లేదా అల్యూమినియం దిమ్మ ఒకటి కూర్చుంటుంది, అది మూతకు ఆనుకుని వేడిని బయటికి పంపుతుంది. చవక పెట్టెల్లో ఆ ఆనుకోవడం దగ్గరే తేడా వస్తుంది. దిమ్మకీ మూతకీ మధ్య సన్నటి ఖాళీ మిగిలిపోయి, దాన్ని పేస్ట్‌తో మందంగా పూడ్చేసి పంపుతారు. పెట్టె తెరిచి చూడండి. పేస్ట్ మీద దిమ్మ అచ్చు పూర్తి చతురస్రంగా, పల్చగా పడిందంటే బాగున్నట్టు. ఒక మూలే అంటుకుని మిగతాదంతా మెత్తటి ముద్దలా ఉంటే వేడి పోవడం లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త పేస్ట్ పల్చగా రాయండి. ఖాళీ ఇంకా కనిపిస్తే పలుచటి రాగి రేకు మధ్యలో పెట్టి, రెండు వైపులా పేస్ట్ రాసి బిగించండి. స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా తిప్పుతూ బిగించాలి, ఒక మూల ముందే పూర్తిగా బిగిస్తే దిమ్మ వంకరగా కూర్చుంటుంది.

మూత ముట్టుకుంటే చురుక్కుమంటోందని కంగారు పడకండి. వేడి బయటికి వస్తోందనడానికి అది గుర్తు. లోపల 90 డిగ్రీలు చూపిస్తూ మూత గోరువెచ్చగా ఉంటేనే అనుమానించాలి. కొందరు తయారీదారులు బయోస్‌లో పవర్ లిమిట్‌ను 20 వాట్లు దాటించి పెడతారు. పీఎల్1 (ఎక్కువసేపు నడిచేటప్పటి పవర్ లిమిట్) విలువను 10 వాట్లకు దించితే రూటర్ పనిలో తేడా తెలియదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. గాలాడని అరలో పెట్టక తప్పకపోతే 120 మిల్లీమీటర్ల యూఎస్‌బీ ఫ్యాన్‌ని నెమ్మదిగా తిరిగేలా మూత మీద ఉంచండి.

ర్యామ్, డిస్క్, అడాప్టర్

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి 1 జీబీ కూడా ఎక్కువే. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్‌లకు 4 జీబీ సరిపోతుంది, 8 ఉంటే హాయి. ఎన్100కి ఒకే మెమరీ చానల్ ఉంది, కాబట్టి ఒక్క స్టిక్ చాలు. డిస్క్ 32 జీబీ అయినా చాలు. బోర్డుకి అతికించిన ఈఎంఎంసీ స్టోరేజ్ మీద మాత్రం లాగ్‌లు రాయించకండి, అరిగిపోతే మార్చుకునే వీల్లేదు. లాగ్‌లను ర్యామ్ డిస్క్‌లో పెట్టే ఆప్షన్ ఆన్ చేయండి. ఫ్రీబీఎస్‌డీ వాడితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఎంచుకోండి, కరెంటు హఠాత్తుగా పోయినా యూఎఫ్‌ఎస్ కన్నా బాగా తట్టుకుంటుంది.

12 వోల్టుల పెట్టెల్లో అడాప్టర్ పిన్ రెండు రకాలు: లోపలి సూది 2.1 మిల్లీమీటర్లు, 2.5 మిల్లీమీటర్లు. బయటి కొలత రెండింటికీ 5.5 కాబట్టి ఒకేలా కనిపిస్తాయి. 2.5 ప్లగ్‌ని 2.1 సాకెట్‌లో పెడితే దూరుతుంది కానీ వదులుగా ఉంటుంది. పెట్టె కదిలినప్పుడల్లా రీబూట్ అవుతుంటే ముందు ఇది చూడండి.

ఇంట్లోకి వచ్చాక

దానితో వచ్చిన విండోస్‌ని తుడిచేయండి. బయోస్‌లో కరెంటు వచ్చాక ఏం చేయాలో చెప్పే సెట్టింగ్‌ని "పవర్ ఆన్" మీద పెట్టండి, "లాస్ట్ స్టేట్" వద్దు. యూపీఎస్ బ్యాటరీ అయిపోయే ముందు పెట్టెను పద్ధతిగా షట్‌డౌన్ చేస్తే దాని చివరి స్థితి "ఆఫ్" కదా, కరెంటు వచ్చాక అలాగే ఆఫ్‌లో ఉండిపోతుంది. పెట్టి ఊరుకోకుండా ప్లగ్ పీకి, నిమిషం ఆగి, మళ్లీ పెట్టి చూడండి.

పాత పీసీ అయితే గడియారం బ్యాటరీ, అంటే ఆ సీఆర్2032 బిళ్ల, ముందే మార్చేయండి. అది చచ్చిపోతే వచ్చే చిక్కు విచిత్రంగా ఉంటుంది. కరెంటు పోయి రాగానే టైమ్ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్ పేర్లకు వచ్చే జవాబులు అసలైనవేనా అని చూసే డీఎన్‌ఎస్‌సెక్ తనిఖీ ఫెయిల్ అవుతుంది, ఏ వెబ్‌సైట్ పేరూ దొరకదు. టైమ్ సర్వర్ పేరు కూడా దొరకదు కాబట్టి టైమ్ ఎప్పటికీ సరికాదు. లైన్ బాగుంటుంది, ఐపీకి పింగ్ వెళ్తుంది, నెట్ మాత్రం రాదు. టైమ్ సర్వర్లలో ఒకదాన్ని పేరుతో కాకుండా ఐపీ అడ్రస్‌తో ఇస్తే ఈ ముడి పడదు.

ఇంటి నెట్‌వర్క్‌లో పెట్టేముందు ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86+ నడపండి, ఒక్క తప్పు చూపినా ర్యామ్ మార్చాల్సిందే. తర్వాత స్పీడ్ కొలిచే ఐపెర్ఫ్3. పెట్టె బయటి పోర్టుకి ఒక కంప్యూటర్, లోపలి పోర్టుకి ఇంకోటి పెట్టి వాటి మధ్య కొలవాలి. రూటర్ మీదే ఐపెర్ఫ్ నడిపితే ప్యాకెట్లు తయారుచేసే భారమూ దానిమీదే పడి తప్పు అంకె వస్తుంది. గిగాబిట్ మీద 940 ఎంబీపీఎస్ దగ్గర, 2.5 గిగాబిట్ మీద 2.35 జీబీపీఎస్ దగ్గర వస్తే పెట్టె బాగున్నట్టే. రెండు దిశల్లోనూ కొలవండి, అరగంట వదిలేసి ఉష్ణోగ్రత చూడండి.

పెట్టె మీద రాసిన పోర్టు నంబర్లకీ సిస్టమ్ చూపించే పేర్లకీ పొంతన ఉండకపోవచ్చు. ఇన్‌స్టాలర్ పోర్టులు అడిగినప్పుడు కేబుళ్లన్నీ పీకేసి ఒక్కొక్కటే గుచ్చుతూ ఏ పేరు వెలుగుతోందో చూసి, స్టిక్కర్ అంటించుకోండి.

ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లోకి (తాను రూటింగ్ చేయకుండా లైన్‌ని మాత్రమే దాటించే పద్ధతిలోకి) మార్చమని నెట్ ఇచ్చేవాళ్లను అడగండి, లేకపోతే నాట్ రెండుసార్లు జరుగుతుంది. బ్రిడ్జ్ చేశాక కూడా ఐపీ రాకపోతే అవతలివాళ్లు పాత రూటర్ మ్యాక్ అడ్రస్‌ని (పోర్టు గుర్తింపు నంబర్‌ని) గుర్తుంచుకుని ఉంటారు. ఆ మ్యాక్‌ను కొత్త పెట్టె బయటి పోర్టుకి ఇచ్చి చూడండి. కొన్ని లైన్లకు వీలాన్ నంబర్ కూడా ఇవ్వాలి, అది ఎంతో పాత రూటర్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, దాన్ని రీసెట్ చేయకముందే రాసి పెట్టుకోండి. పీపీపీఓఈ మీద ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు, 1492 బైట్లు. విడగొట్టొద్దనే ఫ్లాగ్‌తో 1464 బైట్ల పింగ్ వెళ్లి, 1465 ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు. కొన్ని సైట్లు మాత్రమే తెరుచుకోకుండా వేలాడుతుంటే ఎంఎస్‌ఎస్‌ని (ఒక్క ప్యాకెట్‌లో పట్టే అసలు డేటా గరిష్ఠ సైజుని) 1452కి కట్టడి చేయండి.

క్యూ మేనేజ్‌మెంట్‌లో స్పీడ్‌ని కొలిచినదాంట్లో 90 శాతం దగ్గర మొదలుపెట్టి, డౌన్‌లోడ్ నడుస్తుండగా పింగ్ చూస్తూ కొద్దికొద్దిగా పెంచండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఫ్లో ఆఫ్‌లోడ్ (ప్యాకెట్లను దగ్గరిదారిలో వేగంగా దాటించే ఆప్షన్) ఆన్‌లో ఉంటే క్యూ మేనేజ్‌మెంట్‌తో సరిగా పొసగదు, రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి.

వైఫై కార్డున్న పెట్టె కోసం అదనంగా ఖర్చు పెట్టకండి, ఫ్రీబీఎస్‌డీలో వైఫై బలహీనం. పాత వైఫై రూటర్నే యాక్సెస్ పాయింట్‌గా (వైఫై మాత్రమే ఇచ్చే పెట్టెగా) మార్చుకోండి. దాని ఐపీని కొత్త నెట్‌వర్క్‌లో వేరే నంబర్‌కి మార్చి, డీహెచ్‌సీపీ ఆపి, కేబుల్‌ని వ్యాన్ (బయటి లైన్) పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టాలి. ఐపీ మార్చడం మరిచిపోతే పాత రూటర్, కొత్త పెట్టె రెండూ 192.168.1.1 అనే కూర్చుంటాయి. నెట్ వస్తూ పోతూ ఉంటుంది, సెట్టింగ్స్ పేజీ తెరిస్తే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి వస్తుంది. అలా కనిపిస్తే పాత రూటర్ కేబుల్ తీసి, దానికి నేరుగా ల్యాప్‌టాప్ పెట్టి ఐపీ మార్చాకే తిరిగి కలపండి.